ఇంటి కొలత నుంచి జ్యూరీ దాకా: బి.ఆర్క్ మొదటి ఏడాదిలో డిజైన్ నేర్చుకునే పద్ధతి

ముందు ఒక టేపు కొనండి. ఐదు మీటర్ల స్టీలు టేపు, ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున సెంటీమీటర్లు ఉన్నది. కడప ఏడురోడ్ల దగ్గర ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇస్తారు. కొలతతో గీతలు గీసే డ్రాఫ్టర్, షీట్లు, రంగు పెన్నులు, ల్యాప్‌టాప్ అన్నీ ఆ తర్వాతే. బి.ఆర్క్‌లో, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీలో, చేరబోయే పిల్లలు అమ్మానాన్నలతో వచ్చి ఏమేం కొనాలని అడిగితే నేను చెప్పే మొదటి మాట ఇదే. ఐదేళ్ళ చదువులో డిజైన్ అనే సబ్జెక్టు అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఈ మనిషికి, ఈ పనికి, ఈ ఎండలో ఎంత చోటు కావాలి, ఎలాంటి చోటు కావాలి? ఆ ‘ఎంత’ చేతికి రాకపోతే ‘ఎలాంటి’ దాకా పోలేం.

నేను బొమ్మలు బాగా వేస్తానని ఈ కోర్సులో చేరినవాణ్ణి. రెండో సెమిస్టర్‌లో చిన్న మేడ ఇల్లు డిజైన్ చేయమన్నారు. షీట్లు అందంగా వచ్చాయి. జ్యూరీకి, అంటే మా డిజైన్లు చూసి ప్రశ్నలడిగే సమీక్షకు, వచ్చిన పెద్దాయన వాటిని కాసేపు మెచ్చుకోలుగా చూసి, మెట్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. కింది నేల నుంచి పై నేలకు మూడు మీటర్లు, మెట్లు పది. ఒక్కో మెట్టు దాదాపు అడుగు ఎత్తు. “మీ అవ్వ ఈ మెట్లు ఎక్కుతుందా నాయనా?” అన్నారు. మా అవ్వకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు. ఆ రాత్రి హాస్టల్ మెట్లన్నీ కొలిచాను. అప్పటి నుంచి కొలవకుండా ఏ గీతా గీయలేదు. ఈ మార్గదర్శి అంతా ఆ రాత్రి మొదలైన అలవాటు నుంచి వచ్చిందే.

చేరే ముందు

ఇది క్లుప్తంగా చెప్తాను. బి.ఆర్క్ ఐదేళ్ళు, పది సెమిస్టర్లు. మన దేశంలో ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకుని ప్రాక్టీస్ చేయాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ కావాలి. అందుకని మీరు చేరే కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో మొదట చూసుకోండి. ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. ప్రవేశానికి కౌన్సిల్ జరిపే ‘నాటా’ పరీక్ష ఉంది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి కేంద్ర సంస్థలకు జేఈఈలో ఆర్కిటెక్చర్ పేపర్ రాయాలి. కడపలోనే 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది కాబట్టి మన జిల్లాల పిల్లలకు ఊరు విడిచి పోవలసిన అవసరం మునుపటంత లేదు. అర్హత మార్కులు, పరీక్ష తేదీలు ఏటా మారుతుంటాయి, ఆ ఏడాది ప్రకటనే చదవండి.

తెలుగు మీడియంలో చదివామని చాలామంది టెన్షన్ పడతారు. ఆ భయం పెట్టుకోవద్దు. చోటు గురించి ఆలోచించడానికి మన మాటలు చాలా బలమైనవి. అరుగు, పంచ, పడసాల, వసారా, తలవాకిలి, పెరడు. ఒక్కో మాటలో ఎవరు ఎక్కడిదాకా రావచ్చు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ కూర్చుంటారు అన్నది ఇమిడి ఉంది. ముందు తెలుగులో ఆలోచించి తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషు పేర్లు రెండు సెమిస్టర్లలో వాటంతట అవే నోటికి వస్తాయి.

మొదటి మెట్టు: మీ ఇల్లు కొలవండి

క్లాసులు మొదలయ్యేదాకా ఆగనక్కర్లేదు. మీరుండే ఇంటిని గది తర్వాత గది కొలిచి, గళ్ళ నోట్‌బుక్‌లో గీయండి. గోడల పొడవులతో ఆపేస్తే సరిపోదు. గోడ మందం ఎంత? కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవుతుంది? తలుపు ఎటు తెరుచుకుంటుంది, తెరిస్తే వెనక మంచానికి తగులుతుందా? వంటగది గట్టు మీ అమ్మ నడుముకు ఎక్కడికి వస్తుంది? అటక మీద డబ్బా ఆమెకు అందుతుందా, స్టూలు కావాలా?

మన మేస్త్రులు అడుగుల్లో, అంగుళాల్లో మాట్లాడతారు. యూనివర్సిటీలో షీటు మీద మిల్లీమీటర్లు రాయాలి. రెండూ రావాలి. ఒక అడుగు 304.8 మిల్లీమీటర్లు. తొమ్మిదంగుళాల గోడను 230 అని, నాలుగున్నర గోడను 115 అని రాస్తాం. స్థలాలేమో సెంట్లలో అమ్ముతారు. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, సుమారు 40.5 చదరపు మీటర్లు. “మూడు సెంట్లలో ఇల్లు” అని ఎవరైనా అన్నప్పుడు దాదాపు 121 చదరపు మీటర్ల నేల మీ కళ్ళ ముందు పరుచుకోవాలి. అలా కనిపించేదాకా కొలుస్తూనే ఉండండి.

తర్వాత మీ ఒంటిని కొలుచుకోండి. నిలబడ్డప్పుడు కంటి ఎత్తు, కూర్చున్నప్పుడు కంటి ఎత్తు, మోచేతి ఎత్తు, చెయ్యి పైకెత్తితే అందే ఎత్తు, చేతులు బార చాపితే వచ్చే పొడవు. నిచ్చెనో టేపో లేని చోట ఈ కొలతలే మీకు పనిముట్లు. ఇంట్లో పెద్దవాళ్ళవీ, చిన్నపిల్లలవీ కొలవండి. కుర్చీ ఎత్తు 450 మిల్లీమీటర్లు అని పుస్తకం చెప్తుంది. మీ అవ్వ అంతకంటే పొట్టి పీట మీద కూర్చుని లేవడానికి ఎంత అవస్థ పడుతుందో మీ కళ్ళతో చూస్తేనే ఆ అంకెకు ప్రాణం వస్తుంది. ఇంటి ముందు బైకును కూడా కొలవండి. రెండు మీటర్ల పొడవుండే ఆ బండికి చాలా ఇళ్ళ ప్లాన్లలో చోటే ఉండదు. చివరికి అది హాల్లోకి వచ్చి నిలబడుతుంది.

అవకాశం ఉంటే ఊళ్ళో ఒక పాత మిద్దె ఇల్లు కూడా కొలవండి. దీని కోసం ఒక ఆదివారం కేటాయించినా తక్కువే. మందమైన మట్టి, రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు అనే చిన్న కర్రలు, పైన మట్టి, దాని మీద చౌడు. చౌడు తడిస్తే బిగుసుకుని వాన నీటిని కిందికి దిగనివ్వదు. నడిమింట్లో పైకప్పుకు వదిలిన గవాక్షి నుంచి వెలుగు నిటారుగా పడుతుంది, పొయ్యి పొగ పైకి పోతుంది. గదులు ఎందుకంత సన్నగా ఉన్నాయో అడిగారనుకోండి, జవాబు ఆ దూలంలోనే ఉంది. దొరికిన మాను ఎంత పొడవో గది అంతే వెడల్పు. నిర్మాణం చోటు ఆకారాన్ని ఎలా నిర్ణయిస్తుందో స్ట్రక్చర్స్ క్లాసులో చెప్పేదంతా ఈ ఒక్క ఇంట్లో చూడొచ్చు.

రెండో మెట్టు: కొలిచినదాన్ని గీయడం

“నాకు బొమ్మలు రావు సార్” అనే పిల్లలకు ఒక మాట. ఆర్కిటెక్చర్ డ్రాయింగ్‌కు చిత్రకళ అవసరం చాలా తక్కువ, ఓపిక చాలా ఎక్కువ అవసరం. అది రోజూ చేస్తే వచ్చే పని.

మొదట మూడు బొమ్మలు వేరుగా అర్థం కావాలి. ప్లాన్ అంటే ఇంటిని నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో అడ్డంగా కోసి, పై భాగం తీసేసి, కిందికి చూసినట్టు గీసేది. సెక్షన్ అంటే నిలువుగా కోసి పక్కకు చూసేది. ఎలివేషన్ అంటే బయట నుంచి సూటిగా చూసిన ముఖం. కోత పడిన గోడలు ముదురు గీతలో, అవతల కనిపించేవి సన్న గీతలో రావాలి. మొదటి ఏడాది మార్కులు ఎక్కువగా పోయేది ఈ గీత మందం దగ్గరే. 2హెచ్‌తో లేతగా గీసుకుని, హెచ్‌బి, 2బి పెన్సిళ్ళతో కోతను ముదురు చేయండి.

స్కేలు విషయం: గది మొత్తం చూపాలంటే 1:50, ఇల్లంతా 1:100, స్థలం చుట్టుపక్కలతో కలిపి 1:200 లేదా 1:500, కిటికీ చట్రం లాంటి వివరానికి 1:10. 1:100 అంటే నిజమైన ఒక మీటరు షీటు మీద ఒక సెంటీమీటరు. షీటు మీద ఉత్తర దిక్కు గుర్తు, స్కేలు తప్పకుండా పెట్టండి. అవి లేని ప్లాన్‌ను ఎవరూ చదవలేరు.

పిల్లలు ప్లాన్ మీద పది గంటలు కూర్చుని, సెక్షన్‌ను చివరి రాత్రి గంటలో ముగిస్తారు. నా అనుభవంలో డిజైన్ బాగుపడేది సెక్షన్‌లోనే. వెలుగు ఎంత లోపలికి వస్తుంది, గాలి ఎటు నుంచి ఎటు పోతుంది, పైకప్పు తలకు తగులుతుందా, ఇవేవీ ప్లాన్‌లో కనిపించవు. రెండూ పక్కపక్కన గీస్తూ వెళ్ళండి.

మెట్ల లెక్క ఇప్పుడే నేర్చుకోండి. రైజర్ అంటే మెట్టు ఎత్తు, ట్రెడ్ అంటే పాదం పెట్టే వెడల్పు. రెండు రైజర్లు, ఒక ట్రెడ్ కలిపితే దాదాపు 600 నుంచి 640 మిల్లీమీటర్లు రావాలి. మనిషి మామూలు అడుగు పొడవు అది. మూడు మీటర్ల ఎత్తు ఎక్కాలంటే, రైజర్ 150 అనుకుంటే 20 రైజర్లు. ఒకే వరుసలో వేస్తే ట్రెడ్లు 19, ఒక్కోటి 300 అయితే మొత్తం 5.7 మీటర్ల పొడవు. చిన్న ఇంట్లో అంత పొడవు దొరకదు. మధ్యలో ల్యాండింగ్, అంటే చదునైన మలుపు నేల, పెట్టి మలిపితే ఒక్కో వరుసలో పది రైజర్లు, తొమ్మిది ట్రెడ్లు, అంటే 2.7 మీటర్లు. ల్యాండింగ్‌కు ఇంకో మీటరు. ఎక్కే చోట, దిగే చోట నిలబడటానికి ఖాళీ వేరే. నేను ఆ జ్యూరీకి ముందు ఈ ఐదు నిమిషాల లెక్క చేసి ఉంటే ఆ ఇంటి ప్లాన్ మొత్తం వేరుగా ఉండేది. వీల్‌చైర్ కోసం వేసే ర్యాంపుకు వాలు 1:12, అంటే అర మీటరు ఎక్కడానికి ఆరు మీటర్ల పొడవు కావాలి. ఇంటిని మూడడుగులు పైకెత్తి కట్టాలనుకునే ముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

మూడో మెట్టు: బేసిక్ డిజైన్ అభ్యాసాలు

మొదటి సెమిస్టర్‌లో చుక్క, గీత, తలం, ఘనం అంటూ నల్ల కాగితం ముక్కలు అంటించమంటారు. ఇంట్లోవాళ్ళు “ఇల్లు కట్టడం నేర్పుతారనుకుంటే కాగితాలు కత్తిరిస్తున్నావేంది” అంటారు. చేయండి, మనసు పెట్టి చేయండి. లయ, తూకం, తేడా, పునరావృతం అనేవి కంటికి పట్టాలంటే ఇదే దారి. ఇంటి ముందు చుక్కల ముగ్గు వేసే అమ్మకు ఇవన్నీ తెలుసు. ఆమె చుక్కలను సమదూరంలో పెట్టి, వాటి చుట్టూ గీతను తిప్పి, ఎక్కడ ఖాళీ వదలాలో అక్కడ వదులుతుంది. ఒక ముగ్గును చుక్కలు, గీత, మిగిలిన ఖాళీ అని మూడు కాగితాల మీద విడదీసి చూడండి. ఖాళీకీ ఆకారం ఉంటుందని ఆ మూడో కాగితం చెప్తుంది. గది అంటే ఆ ఖాళీయే.

నాలుగో మెట్టు: పొద్దును లెక్కగట్టడం

రాయలసీమలో డిజైన్ నేర్చుకునేవాళ్ళకు ఇదే అన్నిటికంటే పెద్ద పాఠం. చల్లని దేశాల పత్రికల్లో నిలువెత్తు గాజు గోడలు చూసి మన పిల్లలు మనసు పారేసుకుంటారు. అనంతపురంలో ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఎండ మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. ఇక్కడ కట్టే ఇల్లు మొట్టమొదట నీడ ఇవ్వాలి.

కడప, అనంతపురం రెండూ దాదాపు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. కర్నూలు ఇంకొంచెం పైన, దాదాపు 15.8. ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి కడపలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్ర నీడ కాసేపు మాయమవుతుంది. కర్నూలులో ఇది మే మొదటి వారంలో, ఆగస్టు రెండో వారంలో. ఈ రెండు రోజుల మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. జూన్ 21న కడపలో మధ్యాహ్నం 81 డిగ్రీల ఎత్తులో, ఉత్తరంగా. డిసెంబర్ 21న 52 డిగ్రీల ఎత్తులో, దక్షిణంగా. “ఉత్తరం గోడకు ఎండ పడదు” అని వేరే దేశాల పుస్తకాల్లో చదివింది మన ఊళ్ళో వేసవిలో నిజం కాదు.

దీన్ని నమ్మొద్దు, చూడండి. మీటరు కర్రను మిద్దె మీదో డాబా మీదో నిలువుగా నిలబెట్టి, గంటగంటకూ నీడ చివర సుద్దతో గుర్తు పెట్టండి. నెలకొకసారి ఇలా చేస్తే సెమిస్టర్ పూర్తయ్యేసరికి మీ సొంత సూర్యపటం తయారవుతుంది.

ఇప్పుడు దాన్ని కిటికీకి వాడదాం. దక్షిణం కిటికీ మీద 60 సెంటీమీటర్లు బయటికి వచ్చే సన్‌షేడ్ ఉందనుకోండి. సన్‌షేడ్ పొడవును సూర్యుడి ఎత్తు కోణపు టాన్ విలువతో గుణిస్తే, నీడ గోడ మీద ఎంత కిందికి దిగుతుందో వస్తుంది. మార్చి 21 మధ్యాహ్నం ఎత్తు 75.5 డిగ్రీలు, టాన్ విలువ 3.87. నీడ 2.3 మీటర్లు దిగుతుంది, కిటికీ అంతా నీడలోనే. డిసెంబర్‌లో టాన్ విలువ 1.28, నీడ 77 సెంటీమీటర్లే. చలికాలపు ఎండ లోపలికి వస్తుంది, అది రావడం మంచిదే.

అదే సన్‌షేడ్‌ను పడమటి కిటికీ మీద పెట్టి చూడండి. మే నెల మధ్యలో సాయంత్రం ఐదింటికి కడపలో సూర్యుడు సుమారు 21 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నీడ 23 సెంటీమీటర్లు. ఇల్లు కాలిపోయే వేళకు ఆ సన్‌షేడ్ ఏ పనీ చేయడం లేదు. అయినా మన వీధుల్లో నాలుగు వైపులా ఒకే కొలత సన్‌షేడ్లు పోస్తారు. పడమటికి కిటికీలు తగ్గించాలి, స్టోరూము, మెట్లు, బాత్రూము లాంటివి ఆ పక్కకు జరపాలి, లేదా నిలువు పలకలు, జాలీ (చిల్లుల గోడ), వేపచెట్టు కావాలి. ఈ ఒక్క లెక్క వచ్చిన విద్యార్థి ఏ జ్యూరీలోనైనా తన కిటికీల గురించి ధైర్యంగా మాట్లాడగలడు.

పైకప్పు గురించి కూడా. ఐదంగుళాల శ్లాబు పగలంతా కాగి, పొద్దు గూకేసరికి వేడిని లోపలికి వదులుతుంది. మిద్దె మట్టి చాలా మందం కాబట్టి ఆ వేడి లోపలికి చేరేసరికి రాత్రి చాలా పొద్దుపోతుంది. ఆ వేళకు ఇంట్లోవాళ్ళు ఆరుబయట మంచాల మీదో, మిద్దె మీదో పడుకుని ఉండేవాళ్ళు. ఇంటిని, బతికే తీరును కలిపి ఆలోచించారు. ఇప్పుడు మనం రాత్రి గదిలోనే పడుకుంటాం. కాబట్టి మిద్దెను అలాగే దించి పెట్టేస్తే చాలదు, దాని లెక్క అర్థం చేసుకుని కొత్తగా వేయాలి.

ఐదో మెట్టు: కట్టినవి చూడటం

కాలేజీ తీసుకెళ్ళే టూర్ల కోసం ఎదురుచూడొద్దు. కడప నుంచి ఒక్క రోజులో గండికోట చూసి రావచ్చు. పెన్నా లోయ అంచున ఫొటోలు దిగి తిరిగి రాకండి. మాధవరాయ గుడి మంటపంలో నిలబడి స్తంభాల మధ్య దూరం అడుగులేసి కొలవండి, తర్వాత జామా మసీదులోకి వెళ్ళి అదే చేయండి. గుడిలో రాతి దూలాలు స్తంభాల మీద అడ్డంగా కూర్చుంటాయి. రాయి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, వంగదీస్తే పగులుతుంది. అందుకే దూలం పొడవు పెంచలేరు, స్తంభాలు దగ్గరదగ్గరగా రావాలి. మసీదులో కమాను ఉంది. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతూ బరువును పక్కలకు దించుతుంది, వంగే పని లేదు, కాబట్టి స్తంభం లేకుండా ఎక్కువ దూరం దాటొచ్చు. అక్కడే ఉన్న ధాన్యాగారం కప్పు కూడా కమాను తరహాలోనే సాగుతుంది. ఒకే కోటలో, ఒకే చుట్టుపక్కల రాయితో, రెండు ఆలోచనలు. ఒక్కోదాని దగ్గర గంటసేపు కూర్చుని సెక్షన్ గీయండి.

లేపాక్షిలో అందరూ వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగి వెళ్తారు. మీరు పూర్తికాని కల్యాణ మంటపం దగ్గర ఆగండి. 16వ శతాబ్దంలో పైకప్పు పడకుండా ఆగిపోయిన ఆ స్తంభాల మధ్య, కట్టడం నడిమి దశ కళ్ళకు కడుతుంది. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వర ఆలయం గోపురాలూ పూర్తికానివే, అక్కడ రాతి చెక్కడం వివరం చూడండి. కర్నూలు పిల్లలు కొండారెడ్డి బురుజు గోడ మందం కొలవడంతో మొదలుపెట్టవచ్చు.

ఆరో మెట్టు: ఒక డిజైన్‌ను మొదటి నుంచి చివరిదాకా నడపడం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక చిన్న పనిలో కలపాలి. నేను పిల్లలకు ఇచ్చే అభ్యాసం ఊరి బయట బస్ షెల్టర్. ఉత్తర దక్షిణాలుగా వెళ్ళే రోడ్డు అనుకుందాం. మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి, దక్షిణానికి పోయే బస్సు కోసం ఆగేవాళ్ళు రోడ్డుకు తూర్పు పక్కన నిలబడతారు. షెల్టర్ ముఖం పడమటికి. బస్సు వచ్చేది ఉత్తరం నుంచి.

మొదట అక్కడికి వెళ్ళి ఒక పూట కూర్చోండి. ఎవరు వస్తారు? పొద్దున కాలేజీ పిల్లలు, సంతకు కూరగాయల గంపలతో వచ్చే ఆడవాళ్ళు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్ళు. గంపను నేల మీద పెడతారా, అరుగు మీదా? బస్సు కోసం ఎంత సేపటికి ఒకసారి తొంగి చూస్తారు? మధ్యాహ్నం షెల్టర్ ఖాళీగా ఉండి అందరూ చెట్టు కింద ఎందుకున్నారు? ఇవన్నీ వాళ్ళ కొలతలతో సహా నోట్‌బుక్‌లో రాయండి.

రెండోది, అవసరాలను గుండ్రాలుగా గీసి కలపండి. కూర్చునే చోటు, గంపలు పెట్టే చోటు, నిలబడి చూసే చోటు, ఎక్కే చోటు. ఏది దేనికి దగ్గరగా ఉండాలో గీతల మందంతో చూపండి. దీన్నే బబుల్ డయాగ్రామ్ అంటారు. ఇదే డిజైన్ అని పొరపడి, గుండ్రాలనే గదులుగా మార్చేస్తారు చాలామంది. అది సంబంధాల పటం మాత్రమే.

మూడోది, సమస్య ఎక్కడ ముడిపడిందో వెతకండి. ఇక్కడ ముడి స్పష్టం. సాయంత్రపు ఎండ పడమట నుంచి, వేసవిలో కొంచెం ఉత్తరానికి జరిగి, సూటిగా ముఖం మీద కొడుతుంది. బస్సు కూడా అటువైపు నుంచే వస్తుంది. ఎండను ఆపితే బస్సు కనబడదు, బస్సు కనబడాలంటే ఎండ పడుతుంది. మంచి డిజైన్ ఇలాంటి ముడి దగ్గరే పుడుతుంది. కాన్సెప్ట్ అంటే నెమలి ఆకారంలో కప్పు వేయడమని కొందరు అనుకుంటారు. నా దృష్టిలో ఈ ముడికి మీరిచ్చే జవాబే కాన్సెప్ట్.

నాలుగోది, కనీసం మూడు జవాబులు. బటర్ షీటు (పలచటి ట్రేసింగ్ కాగితం) మీద, చేతితో, త్వరగా. ఒకటి: ఆరు మీటర్ల పొడవు షెల్టర్‌లో దక్షిణపు సగంలో మూడు మీటర్ల అరుగు, మనిషికి అర మీటరు చొప్పున ఆరుగురికి. దాని ముందు, పడమటి పక్కన నిలువుగా పాతిన కడప బండల తెర. ఉత్తరపు సగం పూర్తిగా తెరిచి ఉంటుంది. కూర్చున్నవాళ్ళు ఆ తెరిచిన భాగం గుండా ఏటవాలుగా బస్సును చూస్తారు, ఎండ మాత్రం తెరకు తగులుతుంది. రెండు: తెర లేకుండా కప్పును బాగా కిందికి వంచడం. మూడు: షెల్టర్‌ను రోడ్డు నుంచి వెనక్కి జరిపి ముందు రెండు వేపచెట్లు నాటడం. మూడింటికీ సెక్షన్ గీసి, సాయంత్రం ఐదింటి ఎండకు 21 డిగ్రీల గీత లాగండి. ఏది నిజంగా ఎండను ఆపుతోందో ఆ గీతే చెప్తుంది. రెండోదానిలో కప్పు తలకు తగిలేంత కిందికి వస్తే తప్ప నీడ రాదని అప్పుడు తెలుస్తుంది. చెట్లు అన్నిటికంటే మేలు, కానీ ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి మొదటిదీ మూడోదీ కలుస్తాయి.

ఐదోది, ఎలా కట్టాలి అన్నది. కడప బండ, బేతంచెర్ల నాపరాయి మనకు చేతికి అందే రాళ్ళు. కాంపౌండ్ గోడకు బండను భూమిలో ఎంత లోతు పాతుతారు, రెండు బండల మధ్య సందు ఎంత వదులుతారు? ఇది పుస్తకంలో దొరకదు. ఊళ్ళో ఆ పని చేసే మేస్త్రిని అడిగి, ఆయన చెప్పింది 1:10 స్కేలులో గీయండి. అప్పటికి ప్లాన్, సెక్షన్, ఎలివేషన్ వాటంతట అవే తేలతాయి.

మోడల్, సాఫ్ట్‌వేర్

మోడల్‌ను జ్యూరీ ముందు రాత్రి అలంకారంగా చేయొద్దు. మొదటి వారంలోనే పాత అట్టపెట్టెలు కోసి, ఫెవికాల్‌తో అంటించి, ఎండలో పెట్టి తిప్పి చూడండి. నీడ ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. తుది మోడల్‌కు మౌంట్ బోర్డు, స్టీలు స్కేలు, పదునైన కట్టర్. బ్లేడు మొద్దుబారితే వెంటనే మార్చండి, వేళ్ళు తెగేది మొద్దు బ్లేడుతోనే.

కంప్యూటర్ మీద గీసే ఆటోక్యాడ్, స్కెచప్ రెండో ఏడాది నుంచి ఎలాగూ వస్తాయి. మొదటి ఏడాది చేతితోనే గీయండి. తెర మీద ఎంతైనా దగ్గరికి తెచ్చి చూడొచ్చు కాబట్టి స్కేలు తెలివి ఇంకా పాతుకోని మనసుకు గది చిన్నదో పెద్దదో అర్థం కాదు.

జ్యూరీ

జ్యూరీకి ముందు రాత్రి నిద్రపోండి. ఇది పెద్ద సలహాలా కనిపించదు, కానీ మూడు రాత్రులు మేల్కొని వచ్చిన పిల్లలు తమ డిజైన్‌ను తామే చెప్పలేక కన్నీళ్ళు పెట్టుకోవడం నేను చూశాను. రెండు రోజుల ముందే గీత ఆపేయాలని ఒక గడువు పెట్టుకోండి. చెప్పేటప్పుడు ఈ వరుస పనికొస్తుంది: ఎవరి కోసం, అక్కడ ఏం చూశాను, ముడి ఎక్కడుంది, ఏమేం ప్రయత్నించాను, ఎందుకు ఇది ఎంచుకున్నాను. ఐదు నిమిషాల్లో అయిపోవాలి. పక్కన ఒక స్నేహితుడిని కూర్చోబెట్టి, జ్యూరీవాళ్ళు అన్నవన్నీ రాయమనండి, నిలబడ్డ మీకు సగం గుర్తుండవు. విమర్శ షీటు మీద అని గుర్తు పెట్టుకోండి, మీ మీద కాదు. ఆ వారంలోనే తప్పు దిద్ది మళ్ళీ గీయండి, మార్కులు రాకపోయినా సరే.

వేసవి సెలవుల్లో

మీ వీధిలో ఎక్కడో ఒక ఇల్లు కడుతూనే ఉంటారు. మేస్త్రికి ముందే చెప్పి, పొద్దున్నే వెళ్ళండి. సెంట్రింగ్ కొట్టడం, కడ్డీలు కట్టడం, శ్లాబు పోయడం వరుసగా చూడండి. కడ్డీకీ కాంక్రీటు అంచుకూ మధ్య ఎడం (కవర్) ఉండేలా కడ్డీ కింద కవర్ బిళ్ళలు పెట్టారా? శ్లాబుకు 20 మిల్లీమీటర్ల కవర్, స్తంభానికి 40 ఉండాలి. లేకపోతే కొన్నేళ్ళకు కడ్డీ తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయి. శ్లాబు మీద మట్టికట్టలు కట్టి నీళ్ళు నిలిపారా, కనీసం పది రోజులు తడి ఆరకుండా చూస్తున్నారా? మన మే ఎండలో మధ్యాహ్నానికే ఆ నీళ్ళు ఇంకిపోతాయి, సాయంత్రం మళ్ళీ పట్టాలి. ప్రతి రోజూ ఒక పేజీ గీయండి. పక్కన తేదీ, ఆ రోజు పని, మేస్త్రి వాడిన మాట రాయండి. సెలవులు అయ్యేసరికి ఆ నోట్‌బుక్ నిండాలి. రెండో ఏడాది స్టూడియోకి వెళ్ళేటప్పుడు దాన్ని టేపుతో పాటు సంచిలో పెట్టుకుని వెళ్ళండి.